సరిహద్దు ఊళ్ల తెలుగు సైట్లకు పాఠకులను పెంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు దగ్గరి రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, బరంపురం, జయపూర్ వైపు తెలుగులో చిన్న వార్తా సైట్లు, సమాచార పేజీలు నడిపేవాళ్లు మమ్మల్ని పదేపదే అడిగేవన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాం. మాదీ చిన్న సైటే. ఇద్దరు మనుషులం, రెండు ఫోన్లు, ఒక పాత లాప్‌టాప్. డబ్బూ సిబ్బందీ ఉన్నవాళ్లకి చెప్పే సలహాలు బయట బోలెడు దొరుకుతాయి. ఇవి ఆ రెండూ లేనివాళ్ల కోసం.

మా దగ్గర తెలుగువాళ్లే తక్కువ. పాఠకులు ఎక్కణ్ణుంచి వస్తారు?

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, కోరాపుట్ ప్రాంతాలు కొత్త రాష్ట్రంలోకి వెళ్లాయి. ఇళ్లు, పొలాలు, చుట్టరికాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. అందుకే గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల్లో ఇవాళ్టికీ బజారుకెళితే తెలుగు వినపడుతుంది. పర్లాకిమిడి నుంచి మహేంద్రతనయ దాటితే పాతపట్నం. అక్కడ సరుకు కొని ఇక్కడ వండుకునే ఇళ్లకు కొదవలేదు.

మీ పాఠకులు మూడు చోట్ల ఉంటారు. ఊళ్లో ఉన్నవాళ్లు ఒక రకం. పాతపట్నం, ఇచ్ఛాపురం, పార్వతీపురం, సాలూరు నుంచి వ్యాపారానికో పెళ్లి సంబంధానికో ఇటు వచ్చిపోయేవాళ్లు రెండో రకం. ఊరొదిలి విశాఖ, హైదరాబాద్, బెంగళూరు వెళ్లిపోయినవాళ్లు మూడో రకం. లింకులు అందరికీ పంపేది ఎక్కువగా ఈ మూడోవాళ్లే. అయినా వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాయకండి. ఊళ్లో ఉన్నవాళ్లకి పనికొచ్చేదే రాయండి. బయట ఉన్నవాళ్లకి కావలసింది కూడా అదే, అమ్మానాన్నలు ఇక్కడే ఉన్నారు కాబట్టి.

ఏం రాస్తే చదువుతారు?

రెండు రాష్ట్రాల పత్రికలూ వదిలేసేది రాస్తే చదువుతారు. విశాఖలో అచ్చయ్యే తెలుగు పేపరుకి ఒడిశా ప్రభుత్వ పథకం పట్టదు. భువనేశ్వర్‌లో అచ్చయ్యే ఒడియా పేపరు అన్నీ రాస్తుంది గానీ, మన ఇళ్లలో చాలామంది పెద్దవాళ్లకి ఒడియా చదవడం రాదు. ఈ మధ్యలో మిగిలిపోయిన జాగా మొత్తం మీదే.

ఒడిశా ప్రభుత్వ సుభద్ర పథకం చూడండి. 2024 సెప్టెంబర్ 17న మొదలైంది. 21 నుంచి 60 ఏళ్ల మధ్య వయసున్న అర్హులైన ఆడవాళ్లకి ఏడాదికి రూ.10,000 చొప్పున ఐదేళ్లలో రూ.50,000 ఇస్తారు. ఏడాది డబ్బు రెండు విడతలుగా, రూ.5,000 చొప్పున ఖాతాలో పడుతుంది. ఈ సంగతి అందరూ రాశారు. మన వాళ్లకి కావలసింది దాని తరవాతి సంగతి. డబ్బు పడాలంటే ఖాతా ఒక్కరి పేరు మీదే ఉండాలి, ఆధార్‌తో డీబీటీకి (సర్కారు డబ్బు నేరుగా ఖాతాలో పడే పద్ధతికి) లింకవ్వాలి, ఈ-కేవైసీ (ఆధార్‌తో గుర్తింపు సరిచూడడం) అవ్వాలి. తెలుగు ఇళ్లలో చిక్కంతా పేరు దగ్గరే వస్తుంది. మనకి ఇంటిపేరు ముందు, ఇక్కడి ఫారాల్లో ఇంటిపేరు చివర. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, బ్యాంకు పుస్తకంలో పూర్తి పేరు, రేషన్ కార్డులో అసలు ఇంటిపేరే లేదు. పెళ్లయి ఆంధ్రా నుంచి వచ్చిన కోడలైతే ఆధార్‌లో ఇంకా పుట్టింటి చిరునామా. ఇవన్నీ సరిచేసుకోవడానికి ముందు బ్యాంకుకెళ్లాలా, ఆధార్ సెంటర్‌కెళ్లాలా, సర్కారు దరఖాస్తులు తీసుకునే మో సేవా కేంద్రానికెళ్లాలా? దీనికి తెలుగులో సూటిగా జవాబు చెప్పే పేజీ ఒక్కటి పెట్టండి. విడత పడే రోజుల్లో ఆ ఒక్క పేజీకి వచ్చే జనం మీ మిగతా సైటు మొత్తానికీ రారు.

ధాన్యం సంగతీ అంతే. 2024-25 ఖరీఫ్‌కి కేంద్రం మద్దతు ధర క్వింటాలుకి రూ.2,300 ఉంటే ఒడిశా ప్రభుత్వం మీద రూ.800 కలిపి రూ.3,100 చేసింది. సరిహద్దుకి అవతల ఆ అదనం లేదు. అలాంటప్పుడు టోకెన్ ఎప్పుడిస్తారు, మండీలో తరుగు ఎంత తీస్తున్నారు, కౌలుకి చేసేవాడి పేరు ఎలా ఎక్కించాలి అన్నవి రైతుకి సినిమా వార్తకన్నా ముఖ్యం. మండీకి వెళ్లి అక్కడున్న నలుగురు రైతుల్ని అడిగి రాయండి. ఆ వార్త ఇంకెవరి దగ్గరా ఉండదు.

ఇంకా విశాఖ వైపు రైళ్ల వేళలు, అంతర్రాష్ట్ర బస్సులు, విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలో ఓపీ చీటీ ఎలా తీసుకోవాలి, ఒడియా మీడియంలో పది చదివిన పిల్లాడు ఆంధ్రాలో ఇంటర్‌లో చేరాలంటే ఏ కాయితాలు కావాలి, ఇవీ రాయొచ్చు. ఒకసారి రాసి, మారినప్పుడల్లా అదే పేజీని సరిచేయండి. ఏడాదికో కొత్త పేజీ పెడితే గూగుల్‌కి ఏది అసలుదో తెలియదు, పాఠకుడు పోయినేడాది వేళ చూసి బండి పోగొట్టుకుంటాడు.

పండగలకి, జాతరలకి ప్రత్యేకంగా ఏమైనా చేయాలా?

చేయాలి. కానీ జాతర రోజున చేస్తే ఆలస్యమైనట్టే. రాయగడ మజ్జిగౌరమ్మ చైత్ర ఉత్సవం, జనవరిలో మక్కువ దగ్గర శంబర పోలమాంబ జాతర, రెండేళ్లకోసారి బరంపురంలో బుఢీ ఠాకురాణీ యాత్ర, వీటికి జనం రెండు వైపుల నుంచీ వెళతారు. దారి, బండి, బస, దర్శనం వేళలు, వాహనాలు ఆపే చోటు చెప్పే పేజీ కనీసం నెల ముందు సిద్ధంగా ఉండాలి. ఆ రోజున మీ పని ఫొటోలు, రద్దీ ఎలా ఉందో చెప్పడం, అంతే.

రోజుకి ఎన్ని కథనాలు పెట్టాలి?

వారానికి రెండు మంచివి చాలు. రోజుకి పది పెట్టేవాళ్లు పదీ ఎక్కడో ఒకచోట నుంచి ఎత్తినవే పెడుతున్నారు. మీరు కొంచెం వెతికితే తెలిసిపోతుంది.

గూగుల్‌లో వెతికితే మా సైటు రాదు. ఏం చేయాలి?

మొదట ఒక పరీక్ష చేయండి. మీ పేజీలో ఒక వాక్యం కాపీ చేసి ఫోన్‌లో నోట్స్‌లో అతికించండి. పిచ్చి అక్షరాలొస్తే మీరు పెట్టింది యూనికోడ్ (ఏ ఫోన్‌కైనా, గూగుల్‌కైనా అర్థమయ్యే అక్షరాల పద్ధతి) కాదన్నమాట. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించిన మేటర్‌తో ఇలాగే అవుతుంది. తెరమీద తెలుగులా కనపడుతుంది, గూగుల్‌కి మాత్రం అది తెలుగు కాదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, పొల్లులు ఒకసారి చూసుకుని పెట్టండి. పేపరు క్లిప్పింగులా మొత్తం వార్తని బొమ్మగా పెట్టడం ఇంకా అన్యాయం. బొమ్మలోని అక్షరాలను నమ్ముకుంటే వెతుకులాటలో దొరకరు, చూపు తగ్గినవాళ్లు ఫోన్‌తో చదివించుకోలేరు కూడా.

తరవాత ఊరి పేర్లు. మన ఊళ్లకి ఒక్కోదానికి మూడు నాలుగు పేర్లు. పర్లాకిమిడి, పర్లాఖెముండి. బరంపురం, బ్రహ్మపుర, బెర్హంపూర్. జయపూర్ అని రాస్తే రాజస్థాన్ జైపూర్ వచ్చి మీద పడుతుంది. శీర్షికలో మన వాళ్లు పలికే పేరు పెట్టండి, మొదటి పేరాలో జిల్లా పేరూ ఆఫీసు కాయితాల్లో ఉండే రూపమూ ఒకసారి రానివ్వండి. అన్ని రూపాలూ వరసగా గుచ్చితే చదివేవాడికి వెగటు.

శీర్షిక జనం అడిగేలా ఉండాలి. ‘పథకంపై స్పష్టత’ అని ఎవరూ వెతకరు. ‘సుభద్ర డబ్బులు పడకపోతే ఎక్కడికి వెళ్లాలి’ అని వెతుకుతారు. గూగుల్ ట్రెండ్స్ ఉచితమే గానీ మనలాంటి చిన్న ఊళ్లకి అందులో తరచూ ఏమీ కనపడదు. దానికన్నా వెతికే పెట్టెలో రెండు మాటలు కొట్టి ఆగండి. కింద గూగుల్ చూపించే సూచనలే మీ శీర్షికలు.

గూగుల్ వాళ్ల సెర్చ్ కన్సోల్ తప్పకుండా పెట్టుకోండి. పైసా ఖర్చు లేదు. ఏ మాటలు వెతికితే మీ పేజీ కనపడింది, కనపడినా ఎవరూ నొక్కనివి ఏవి అన్నది అందులో ఉంటుంది. రెండో పేజీలో ఎక్కడో పడివున్న కథనానికి శీర్షిక మార్చి, లేని జవాబు ఒకటి చేర్చితే పైకి రావడం మేం చూశాం. కొత్తది రాయడం కన్నా ఇది తక్కువ కష్టం.

ఇంకో చిన్న సంగతి. పేజీ చిరునామాలో తెలుగు అక్షరాలు పెట్టకండి. వాట్సాప్‌లో అతికిస్తే ఆ చిరునామా శాతం గుర్తులూ అంకెలూ కలిసి నాలుగు వరసల పాము అవుతుంది. చూసినవాళ్లు వైరస్ లింకేమో అనుకుంటారు. చిరునామా వరకూ ఇంగ్లిష్ అక్షరాల్లో పొట్టిగా పెట్టుకోండి.

వాట్సాప్‌లో గ్రూపా, ఛానెలా, బ్రాడ్‌కాస్టా? ఏది మంచిది?

మన ప్రాంతంలో పాఠకుడు ఉండేది వాట్సాప్‌లోనే కాబట్టి ఇది కాస్త వివరంగా చెబుతాం.

గ్రూపులో 1,024 మంది దాకా పడతారు. అందరూ మాట్లాడే గ్రూపైతే వారం తిరిగేసరికి శుభోదయాలు, దేవుడి బొమ్మలు, ఎన్నికలప్పుడు తగువులు. అడ్మిన్లే పంపేలా పెడితే గోల తగ్గుతుంది గానీ, సభ్యుల నంబర్లు ఒకరివొకరికి కనపడతాయి. ఆడవాళ్లు చాలామంది ఈ ఒక్క కారణంతోనే చేరరు. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందే, అందులోనూ మీ నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. ఛానెల్ 2023 సెప్టెంబర్‌లో మన దేశానికి వచ్చింది. ఎంతమందైనా చేరొచ్చు, ఎవరి నంబరూ తోటివారికి కనపడదు. కానీ అది ఒకవైపు మాటే. పాఠకుడు ఎమోజీ బొమ్మ నొక్కి స్పందించగలడు, ప్రశ్న అడగలేడు.

మా పద్ధతి చెబుతాం. అందరికీ ఛానెల్. దాని పక్కనే ప్రశ్నలు అడగడానికి ఒక విడి నంబరు. ఆ నంబరుకి వచ్చే ప్రశ్నలే మా తరవాతి కథనాలు. ‘బాబూ, మా అమ్మాయి పేరు లిస్టులో ఉంది, డబ్బు పడలేదు, ఏటి చెయ్యాల?’ అని ఒక వాయిస్ మెసేజ్ వచ్చిందంటే, అడగని ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయని అర్థం.

చేరేవాళ్లని ఎలా తేవాలి? ఊళ్లో ఇప్పటికే ఉన్న గ్రూపుల్ని చూడండి. గుడి కమిటీ, వర్తక సంఘం, పాత విద్యార్థులు, కుల సంఘం, వీధి గ్రూపు. అందులో లింకు ఒక్కటే విసిరేస్తే అడ్మిన్ తీసేస్తాడు, తీసెయ్యాలి కూడా. జవాబు అక్కడే ఇచ్చెయ్యండి, వివరం కావాలన్నవాడికి లింకు. ఇలా:

‘సుభద్ర డబ్బులు పడలేదా? ముందు రెండు చూడండి. ఖాతా ఒక్కరి పేరు మీదే ఉందా? ఆధార్‌తో డీబీటీకి లింకైందా? రెండూ సరిగ్గా ఉన్నా పడకపోతే ఏ కాయితాలతో ఎక్కడికి వెళ్లాలో కింద రాశాం.’

లింకు నొక్కనివాడికీ మీ మెసేజ్ పనికొచ్చింది. రెండోసారి మీ పేరు చూస్తే చదువుతాడు. మెసేజ్ చివర సైటు పేరు, ఊరు పేరు, తేదీ తప్పకుండా రాయండి. ఫార్వర్డ్ అయ్యాక అది ఎవరు రాసిందో, ఏ ఏటిదో చెప్పేది ఆ ఒక్క వరసే.

ఫార్వర్డులను మాత్రం మరీ నమ్ముకోకండి. 2018 నుంచి ఇండియాలో ఒక మెసేజ్‌ని ఒకేసారి ఐదు చాట్లకి మించి ఫార్వర్డ్ చేయనివ్వరు. చాలా చేతులు మారినదైతే 2020 నుంచి ఒక్క చాట్‌కే. అలా చేతులు మారిన మెసేజ్‌కి రెండు బాణాల గుర్తు పడుతుంది, అది చూసి అనుమానించడం జనం నేర్చుకున్నారు. కాబట్టి గొలుసుగా పాకుతుందని ఎదురుచూడకుండా, పది గ్రూపుల్లో పది మంది మంచి మనుషులతో పరిచయం పెంచుకుని వాళ్లకి మీరే నేరుగా పంపండి.

ఫోన్ బయట కూడా ఒక దారి ఉంది. ఛానెల్ క్యూఆర్ కోడ్‌ని ఏ-4 కాయితం మీద తీయించి జిరాక్స్ షాపుల్లో అంటించండి. కిరాణా కొట్టు కన్నా, మందుల షాపు కన్నా జిరాక్స్ షాపు మేలు. అక్కడికి వచ్చేవాడి చేతిలో ఏదో ఒక దరఖాస్తు ఉంటుంది, మెషీన్ ముందు నిలబడి ఎదురుచూసే ఖాళీ ఉంటుంది. క్యూఆర్ పైన ‘ఒడిశా పథకాలు, రైళ్లు, ధాన్యం ధరలు తెలుగులో’ అని పెద్దక్షరాలతో ఉండాలి. మీ లోగో చిన్నగా ఉన్నా నష్టం లేదు.

యూట్యూబ్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ అన్నింటిలోనూ ఉండాలా?

అక్కర్లేదు. సైటు ఒకటి, వాట్సాప్ ఒకటి, ఇంకొకటి మీకు చేతనైనది. వీడియో తీయగలిగితే యూట్యూబ్, లేకపోతే ఊరి ఫేస్‌బుక్ గ్రూపు. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లూ, ఏడాదిలో 4,000 గంటల వీక్షణో 90 రోజుల్లో కోటి షార్ట్స్ వీక్షణలో కావాలి. ఒక్క జిల్లా వార్తలతో అక్కడికి చేరడం తేలిక కాదు. ఆదాయం మాట పక్కన పెట్టి, పేజీకి దారి చూపే బోర్డులా వాడుకుంటే నిరాశ ఉండదు. మైకు పట్టుకుని ఆఫీసుల ముందు నిలబడేవాళ్లు మన జిల్లాల్లో ఇప్పటికే తగినంతమంది ఉన్నారు, ఇంకొకరు చేరకపోయినా లోటు లేదు.

మా పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. వాళ్లని ఎలా అందుకోవాలి?

ఇది ఒడిశా వైపు తెలుగు సైట్లకే ఉన్న చిక్కు. శ్రీకాకుళంలోని సైటుకి ఇది తట్టదు. బడిలో ఒడియా, ఇంగ్లిష్ చదివిన కుర్రాడికి తెలుగు చెవి ఉంది, తెలుగు కన్ను లేదు. వాడికి అక్షరం పెడితే లాభం లేదు, గొంతు పెట్టాలి.

ప్రతి ముఖ్యమైన కథనానికీ రెండు నిమిషాల వాయిస్ చేయండి. స్టూడియో అక్కర్లేదు. తలుపులు వేసి, ఫ్యాను ఆపి, ఫోన్‌ని నోటికి జానెడు దూరంలో పెట్టుకుని మాట్లాడితే చాలు. వాట్సాప్ వాయిస్ మెసేజ్ వీడియోతో పోలిస్తే చాలా తేలిక, కొండ మీద సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఊళ్లలో కూడా దిగుతుంది. అలవాటైతే చదవడం వచ్చినవాళ్లూ వినడానికే మొగ్గుతారు. వంటింట్లో పని చేసుకుంటూ వినొచ్చు కదా. వీడియో అయితే మాట తెలుగులో, తెర మీద ఊళ్ల పేర్లూ తేదీలూ ఒడియా లిపిలో పెట్టి చూడండి.

చదివేటప్పుడు పత్రికా భాష వద్దు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే వాడుక భాష కోసం పోరాడారు. ఆ ఊరి గాలి పీలుస్తూ ‘లబ్ధిదారులకు తెలియజేయడమైనది’ అని మొదలెడితే ఏం బాగుంటుంది?

ఒడియాలో కూడా ఒక విభాగం పెట్టమంటారా?

ఇద్దరు మనుషులతో రెండు భాషలు నడవవు. ముందు ఒకటి నిలబడనివ్వండి.

ఏఐతో రాయించుకోవచ్చా? ఒడియా ప్రకటనలను అనువాదం చేయించుకోవచ్చా?

అర్థం చేసుకోవడానికి వాడుకోండి, అచ్చువేయడానికి కాదు. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో 2020 నుంచి ఒడియా ఉంది. కలెక్టరేట్ ప్రకటనలో ఏముందో పైపైన తెలుసుకోవడానికి బాగానే పనికొస్తుంది. కానీ తేదీలు, మొత్తాలు, శాఖల పేర్లు, ‘అర్హులు’ ఎవరు ‘అనర్హులు’ ఎవరు అన్నవి ఒడియా బాగా వచ్చిన మనిషితో సరిచూసుకోకుండా పెట్టకండి. ఒక బడి మాస్టారో, బ్యాంకు ఉద్యోగో, ఒడియా మీడియంలో చదివిన మీ ఇంటి పిల్లో చాలు. తప్పు తేదీ నమ్మి ఒక ముసలామె ఇరవై కిలోమీటర్లు బస్సెక్కి వచ్చి ఊరికే తిరిగెళితే, ఆ ఇంట్లో మీ సైటు ఇక తెరవరు.

టైపింగ్‌కి గూగుల్ కీబోర్డు జీబోర్డ్‌లోని తెలుగు వాయిస్ టైపింగ్ మంచి సాయం. చెప్పుకుంటూ పోయి తరవాత దిద్దుకోవచ్చు. రాయడం రానివాళ్ల చేత కూడా రాయించొచ్చు. కూరగాయల మార్కెట్లో పద్దు చూసే మనిషి రోజూ ధరలు చెబుతాడు, మీరు దిద్దుతారు.

తుఫాను వస్తే మా సైటుకి ఒక్కసారిగా జనం వస్తారు, తరవాత మాయమవుతారు. నిలుపుకోవడం ఎలా?

2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. తిత్లీకి గజపతి జిల్లా కొండ ఊళ్లు ఎలా దెబ్బతిన్నాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. అంటే అక్టోబర్ మీకు పరీక్షా కాలం. సెప్టెంబర్‌లోనే ఒక తేలిక పేజీ సిద్ధం చేసుకోండి. బొమ్మలు వద్దు, ప్రకటనలు వద్దు, అక్షరాలే. పైన పేజీని చివరిసారి సరిచేసిన సమయం, కింద మూసేసిన రోడ్లు, రద్దయిన రైళ్లు, ఆశ్రయ కేంద్రాలు, కరెంటు ఆఫీసు నంబర్లు. గాలివేగం, తీరం దాటే చోటు వాతావరణ శాఖ బులెటిన్‌లో ఉన్నది ఉన్నట్టే, బులెటిన్ వేళతో సహా పెట్టండి. ఏ యూట్యూబర్ గ్రాఫిక్సూ వద్దు.

జనం నిలిచేది తుఫాను తరవాత. కెమెరాలు వెళ్లిపోయాక నష్టపరిహారం జాబితా ఎప్పుడు వేస్తారు, పేరు లేకపోతే అభ్యంతరం ఎక్కడ ఇవ్వాలి, పైకప్పు రేకులు ఎక్కడ దొరుకుతున్నాయి అన్నవి రాసేవాళ్లు ఉండరు. ఆ నెల రోజులు మీరు రాస్తే వచ్చినవాళ్లలో సగమైనా ఛానెల్లో ఉండిపోతారు.

సైటు నెమ్మదిగా తెరుచుకుంటోంది. కొత్త హోస్టింగ్ కొనాలా?

ముందు ఫొటోలు చూడండి. ఫోన్‌తో తీసిన ఫొటో మూడు నాలుగు ఎంబీ ఉంటుంది. వెబ్‌పీ అనే తేలిక ఫొటో రకంలోకి మార్చి 100 కేబీ దగ్గరికి తెస్తే చాలావరకు రోగం నయమవుతుంది. రెండోది అలంకార ఫాంట్లు. తెలుగు ఫాంట్ ఫైళ్లలో గుణింతాలూ ఒత్తులూ అన్నీ ఉండాలి కాబట్టి ఇంగ్లిష్ వాటికన్నా బరువు. ఫోన్‌లో ఉన్న తెలుగు ఫాంట్‌నే వాడుకోనివ్వండి. పేజీలో ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనపడితే గూగుల్ మంచిదంటుంది. ఇవన్నీ చేశాక కూడా రాకపోతే అప్పుడు హోస్టింగ్ సంగతి.

డబ్బు పెట్టి పోస్టులు బూస్ట్ చేయాలా?

లైకుల కోసమైతే వద్దు. ఛానెల్లో చేర్చుకోవడానికి, అదీ మీ ఊరి చుట్టూ ఇరవై ముప్ఫై కిలోమీటర్లకి పరిమితం చేసి, సుభద్ర విడత పడే వారంలో కొద్దిగా పెట్టి చూడొచ్చు.

పెద్ద చానెళ్లు మా వార్తలు, ఫొటోలు ఎత్తేస్తున్నాయి. ఏం చేయగలం?

ఫొటో మధ్యలో పేరు పడేలా వాటర్‌మార్క్ వేయండి, మూలన వేస్తే కత్తిరిస్తారు. అసలు ఫైలు దాచుకోండి. మర్యాదగా మెయిల్ రాస్తే కొందరు పేరు వేస్తారు. వినకపోతే యూట్యూబ్, ఫేస్‌బుక్‌లలో కాపీరైట్ ఫిర్యాదు ఫారం ఉంది, నింపడం పెద్ద పనేం కాదు. ఇదే రూలు మీకూ వర్తిస్తుంది. ఇతరుల ఫొటో పెట్టి కింద ‘సోర్స్: గూగుల్’ అని రాస్తే అది అనుమతి అయిపోదు.

ఆదాయం సంగతి?

గూగుల్ యాడ్‌సెన్స్ 2018 నుంచి తెలుగు సైట్లకీ ఉంది. లెక్క పది డాలర్లు దాటితే చిరునామా నిర్ధారణకి పోస్టులో ఒక పిన్ పంపుతారు. ఇంటి నంబరు, వీధి, పోస్టాఫీసు పిన్‌కోడ్ సరిగ్గా లేకపోతే ఆ కవరు రాదు. వంద డాలర్లు చేరితేనే డబ్బు బ్యాంకులో పడుతుంది. చిన్న సైటుకి దానికి నెలలు పట్టొచ్చు.

మన స్థాయికి ఊరి ప్రకటనే మేలు. ట్యూషన్ సెంటరు, కంటి ఆసుపత్రి క్యాంపు, బరంపురం పట్టుచీరల కొట్టు, పచ్చళ్లు అప్పడాలు చేసే ఇల్లు, కల్యాణ మండపం. వర్ధంతి, దశదిన కర్మ ప్రకటనలు కూడా అడుగుతారు. చుట్టాలు రెండు రాష్ట్రాల్లో చెదిరి ఉన్నవాళ్లకి అవి నిజంగా అవసరం. ధర బోర్డు రాసి పెట్టుకోండి, మనిషిని బట్టి మార్చకండి. ప్రకటనని ప్రకటన అని రాయండి. వార్తలో కలిపేస్తే చిన్న ఊళ్లో మరునాటికి అందరికీ తెలిసిపోతుంది. పాఠకుల దగ్గర తీసుకోవాలంటే పేజీ కింద ఒక యూపీఐ క్యూఆర్ చాలు. ఎవరివల్లనైనా ఒక పని అయినప్పుడు జనం ఇస్తారు, ఊరికే అడిగితే ఇవ్వరు.

ఎదుగుతున్నామో లేదో ఏం చూసి తెలుసుకోవాలి?

మొత్తం వీక్షణలు చూసి మురిసిపోకండి. ఒక్క వీడియో అటూ ఇటూ పాకితే ఆ అంకె ఉబ్బుతుంది. మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు ఎంతమంది, ఛానెల్ వదిలి వెళుతున్నది ఏ రకం పోస్టు తరవాత, వారంలో ఎన్ని ప్రశ్నలు వచ్చాయి, ఈ మూడు ఒక నోటు పుస్తకంలో నెలకోసారి రాసుకోండి. అనలిటిక్స్‌లో ఊరి పేర్లను అక్షరాలా నమ్మకండి. రాయగడలో చదివినవాణ్ణి నెట్‌వర్క్‌ని బట్టి భువనేశ్వర్లోనో విశాఖలోనో ఉన్నట్టు చూపించొచ్చు.

చట్టం వైపు ఏం జాగ్రత్త పడాలి?

వార్తలు పెట్టే సైట్లకి 2021 ఐటీ నిబంధనలు వర్తిస్తాయి. సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖకి వివరాలు ఇవ్వడం, ఫిర్యాదుల అధికారిని పెట్టడం లాంటివి అందులో ఉన్నాయి. ఆ నిబంధనల్లో నైతిక నియమావళికి సంబంధించిన కొంత భాగంపై 2021లోనే బాంబే హైకోర్టు స్టే ఇచ్చింది. కోర్టు గొడవ ఎలా ఉన్నా, నడిపేవాళ్ల పేరు, ఊరు, ఫిర్యాదుకి ఒక మెయిల్ సైటులో కనపడేలా పెట్టండి. ఎవరిదో తెలియని సైటుని జనం కూడా నమ్మరు.

లైంగిక నేరాల్లో బాధితుల పేరు, ఫొటో, బడి, వీధి, తల్లిదండ్రుల పేర్లు, ఏవీ రాయకూడదు. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ దీన్ని స్పష్టంగా నిషేధిస్తుంది. చిన్న ఊళ్లో ‘ఫలానా ఊరి ఎనిమిదో తరగతి బాలిక’ అన్నా అందరికీ తెలిసిపోతుంది, కాబట్టి ఊరి పేరు కూడా వదిలేయండి.

పాఠకుల ఫోన్ నంబర్ల విషయంలో 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉంది. ప్రశ్న అడగడానికి నంబరు ఇచ్చినవాళ్లని ట్యూషన్ సెంటర్ ప్రకటనల లిస్టులో చేర్చకండి. ఎన్నికల ముందు ఆ లిస్టు కొంటామని ఎవరైనా వస్తారు, మంచి ధరే చెబుతారు. ఇవ్వకండి. ఎవరైనా తమ నంబరు తీసెయ్యమంటే ఆ రోజే తీసేసి, తీసేశామని వాళ్లకి ఒక మెసేజ్ పెట్టండి.